కళ్లజోడు ఇచ్చి పంపితే శుక్లం పోతుందా?

ఇప్పపువ్వు రాలే రోజుల్లో మా అవ్వ తెల్లారకముందే అడవికి పోయేది. పోయిన మూడేళ్లుగా చెట్టు కింద కూర్చుని వేళ్లతో తడుముకుంటూ ఏరింది. ఏది పువ్వో ఏది రాయో చేతికి తెలిసేది, కంటికి కాదు. "వయసైంది బిడ్డా, ఇంకేం చూపు" అనేది. మేమూ అదే అనుకున్నాం. తప్పు మాది కూడా.

గూడేనికి క్యాంపు వచ్చింది. లైటు వేసి చూశారు, శుక్లం అన్నారు, పెద్దాసుపత్రికి పొమ్మని చీటీ రాశారు. చేతిలో ఒక కళ్లజోడు పెట్టి ఫొటో తీసుకున్నారు. వాగు దాటి, ఆటో ఎక్కి, రెండు బస్సులు మారి పోవాలి. ముసలామెను ఎవరు తీసుకుపోతారు? తోడుపోయినోళ్ల కూలి ఎవరిస్తారు? అక్కడ కోయలో మాట్లాడి ధైర్యం చెప్పేదెవరు? చీటీ ఏడాదిపాటు చూరులోనే ఉంది. వాళ్ల రిజిస్టర్లో మాత్రం మా అవ్వ కన్ను "చూసేశారు".

అసలు శుక్లమంటే ఏంటో మనవాళ్లకి మనమే చెప్పాలి. కంటిపాప వెనక అద్దంలాంటి కటకం ఉంటుంది. అది మసకబారి తెల్లబడితే వెలుతురు లోపలికి పోదు. వయసు ఒక కారణం. షుగరు, కంటికి తగిలిన దెబ్బ, పొగాకు, జీవితమంతా ఎండలో పని, కట్టెల పొయ్యి పొగ కూడా దానికి తోడవుతాయి. మొదట్లో కళ్లజోడు కొంత సాయం చేస్తుంది, తర్వాత చెయ్యదు. దాన్ని కరిగించే చుక్కల మందు లేదు, మాత్రా లేదు. సంతలో సీసా అమ్మేవాడిని నమ్మొద్దు. మన పసర్ల మీద నాకు గౌరవమే. కాని కంట్లో పిండొద్దు. నల్లగుడ్డు మీద పుండై పువ్వు పడితే, ఆ మచ్చ శుక్లం ఆపరేషన్‌తో పోయేది కాదు.

దారి ఆపరేషన్ ఒక్కటే. మసకబారిన కటకం తీసి ప్లాస్టిక్ కటకం పెడతారు. కన్ను ఒక్కటే మొద్దుబారేలా మందిస్తారు, మామూలుగా అరగంట కూడా పట్టదు. "ముదరనీ, అప్పుడు చూద్దాం" అనేది పాత మాట. మరీ ముదిరితే కంట్లో ఒత్తిడి పెరిగి, నొప్పొచ్చి, ఉన్న చూపు శాశ్వతంగా పోవచ్చు. టౌన్లో "లేజర్" అని ఎక్కువ డబ్బు అడిగితే ఎడ్లు అమ్ముకోవద్దు. వాళ్లు లేజర్ అనేది చాలాసార్లు శబ్ద తరంగాలతో కటకాన్ని పగలగొట్టి తీసే పద్ధతే. చిన్న కోతతో, కుట్లు లేకుండా చేసే పద్ధతి చవక, ముదిరిన శుక్లానికి బాగా పనికొస్తుంది. ప్రభుత్వ ఆసుపత్రిలో ఇది ఉచితం.

అంధత్వ నివారణకు జాతీయ కార్యక్రమం 1976లోనే మొదలైంది. తెలంగాణలో కంటి వెలుగు 2018 ఆగస్టు 15న, రెండో విడత 2023 జనవరి 18న మొదలుపెట్టారు. వేదికలు, జోళ్ల పంపిణీ బానే కనిపించాయి. నా ప్రశ్న ఒక్కటే: శుక్లం ఉందని తేలిన మనిషిని ఆపరేషన్ బల్ల దాకా చేర్చే బాధ్యత ఎవరిది? చీటీ రాయడం వైద్యం కాదు.

ఇది దయ అడగడం కాదు. 1996 పెసా చట్టం సామాజిక రంగాల సంస్థల మీద, ఉద్యోగుల మీద అదుపు గ్రామసభకూ పంచాయతీకీ ఉండాలంటోంది. ఆసుపత్రి అందులో లేదా? అటవీ హక్కుల నియమాల్లో ఊరి పెద్దల వాంగ్మూలం ఒక సాక్ష్యం. పోడు హద్దు చూపించాల్సిన తాతకు హద్దురాయే కనపడకపోతే నష్టపోయేది ఎవరు?

అవ్వను చివరికి మేమే మోసుకుపోయాం. ఒక కన్ను అయింది. మర్నాడు కట్టు విప్పితే ముందు నా మొహం చూసి "ఇంత నల్లబడ్డావేంట్రా" అంది. రెండోది ఇంకా మిగిలుంది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ వారం మీ గూడెంలో పెద్దవాళ్లను కూర్చోబెట్టండి. ఒక కన్ను మూయించి, పదడుగుల దూరంలో వేళ్లు లెక్కపెట్టించండి. తర్వాత రెండో కన్ను. చెప్పలేనివాళ్ల పేర్లు రాయండి. ఆ జాబితా గ్రామసభలో చదివి తీర్మానం చేయండి: పోను రాను బండి, తోడు మనిషికి తిండి, మన భాష తెలిసిన ఒకరు, ఆపరేషన్ తర్వాత వారాల తరబడి వేయాల్సిన చుక్కలు, మళ్లీ పరీక్షకు తేదీ. కాపీ ఐటీడీఏ పీవోకు ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి.