పన్నెండు అడుగుల గొట్టం, పదకొండేళ్ల పిల్ల

అమెరికాలో మీకు అక్కో అన్నో ఉండి, వాళ్లింట్లో ఆరో తరగతికి వచ్చిన పిల్లలుంటే ఈ వారం కబురు మీ ఫ్యామిలీ గ్రూపుకి కూడా పనికొస్తుంది. అక్కడ మిడిల్ స్కూల్లోకి అడుగుపెట్టగానే చాలామంది పిల్లలు బ్యాండ్‌లో చేరతారు. మనకి బ్యాండ్ అంటే పెళ్లి ఊరేగింపు. అక్కడ అది టైమ్ టేబుల్‌లో లెక్కల పక్కనే ఉండే ఒక పీరియడ్. టీచరు, మార్కులు, కచేరీలు, పోటీలు అన్నీ ఉంటాయి.

టెక్సస్‌లో ఉండే మా పెద్దమ్మ కూతురు మొన్న ఫోన్ చేసింది. వాళ్లమ్మాయికి పదకొండేళ్లు. బ్యాండ్ టీచరు ఆ పిల్లకి ఫ్రెంచ్ హార్న్ అయితే బాగుంటుందన్నారట. "నువ్వు ఇంజనీరువి కదరా, ఏది కొనాలో చూసి చెప్పు" అంది అక్క. ఆన్‌లైన్‌లో కొన్ని వందల డాలర్లకీ ఉంది, కొన్ని వేల డాలర్లకీ ఉంది. ఫొటోలో రెండూ ఒకేలా మెరుస్తున్నాయి. మరి తేడా ఎక్కడ?

ముందు ఆ వాయిద్యం సంగతి చూద్దాం. హార్న్ అంటే కొమ్మే. మన జాతరల్లో ఊదే కొమ్ముబూరకి దూరపు చుట్టం. రెండింటిలోనూ పెదాలు అదిరితేనే నాదం పుడుతుంది. పేరులో ఫ్రెంచ్ ఉంది గానీ, ఈరోజు ఎక్కువగా వాడే డబుల్ హార్న్‌ని 1897లో తయారుచేసింది జర్మనీకి చెందిన ఫ్రిట్జ్ క్రుస్పే. అంతర్జాతీయ హార్న్ సొసైటీ అయితే 1971లోనే "ఉత్త హార్న్ అనండి చాలు" అని సిఫార్సు చేసింది. దుకాణాలూ స్కూళ్లూ ఇంకా ఫ్రెంచ్‌ని వదల్లేదు, అది వేరే విషయం.

చుట్టలు చుట్టి ఉన్న ఆ గొట్టాన్ని విప్పి చాపితే సుమారు 12 అడుగులు. ట్రంపెట్ అయితే నాలుగున్నర అడుగులే. ఈ పొడవులోనే ఉంది చిక్కంతా. ట్రంపెట్ మీద ఒక్క మీట కూడా నొక్కకుండా, పెదాల బిగింపు మాత్రమే మారుస్తూ మధ్య స్థాయి స నుంచి పై స దాకా వెళ్తే దారిలో ప ఒక్కటే తగులుతుంది. హార్న్ మీద అదే పని చేస్తే స, గ, ప, ని, స వస్తాయి. ఆ ని కూడా కాస్త కిందికి జారి ఉంటుంది. ఇంకా పైకి వెళ్తే స, రి, గ పక్కపక్కనే ఇరుక్కుని ఉంటాయి. అంటే ట్రంపెట్ మెట్లు దూరం దూరంగా, హార్న్ మెట్లు దగ్గర దగ్గరగా ఉన్నాయన్నమాట. వేలు సరైన మీట మీదే ఉంటుంది, స్వరం మాత్రం పక్క మెట్టు మీద పడుతుంది. పెద్ద పెద్ద ఆర్కెస్ట్రాల్లో వాయించేవాళ్లకే అప్పుడప్పుడూ ఇది తప్పదు.

అందుకే బ్యాండ్ టీచర్లు హార్న్ ఇచ్చేముందు పిల్లల వేళ్ల కంటే చెవిని ఎక్కువగా చూస్తారు. పియానో మీద ఒక స్వరం వాయించి, దాన్ని గొంతుతో పట్టుకోమంటారు. ఊదకముందే ఆ స్వరం బుర్రలో వినపడాలి. శనివారం శనివారం సంగీతం క్లాసుకెళ్లి సరళీ స్వరాలు పాడిన పిల్లలకి ఇక్కడ కొంచెం ముందడుగు ఉన్నట్టే.

ఇక కొనడం దగ్గరికొద్దాం. దుకాణంలో ముఖ్యంగా రెండు రకాలు చూపిస్తారు. సింగిల్ ఎఫ్ హార్న్ తేలిక, ధర తక్కువ. కానీ పై స్వరాల్లో గురి కుదరడం కష్టం. డబుల్ హార్న్‌లో రెండు దారులుంటాయి. ఎడమచేతి బొటనవేలి మీట నొక్కితే గాలి 12 అడుగుల దారి వదిలేసి సుమారు 9 అడుగుల దారి పడుతుంది. మెట్ల మధ్య ఎడం పెరుగుతుంది, పై స్వరాలు కాస్త మాట వింటాయి. అయితే బరువు రెండున్నర కిలోల దాకా ఉంటుంది, ధర వేలల్లో ఉంటుంది. సింగిల్‌తో మొదలుపెట్టినా ఎప్పటికో ఒకప్పటికి డబుల్‌కి మారక తప్పదు. ఆరో తరగతిలోనే మారాలని మాత్రం ఎక్కడా లేదు.

పిల్లని కుర్చీలో కూర్చోబెట్టి చూడండి. హార్న్ గంట అంచు కుడి తొడ మీద ఆనినప్పుడు మౌత్‌పీస్ సరిగ్గా పెదాల దగ్గరికి రావాలి. మెడ సాచాల్సి వచ్చినా, నడుం వంచాల్సి వచ్చినా ఆ భంగిమే అలవాటైపోతుంది. తేడా కొంచెమే అయితే తొడ మీద మడతపెట్టిన తువ్వాలు చాలు. ఎడమచేతి చిటికెనవేలు కొక్కెంలో పెట్టాక మిగతా వేళ్లు మీటల మీదికి సులువుగా రావాలి. కుడిచెయ్యి గంట లోపల ఇమడాలి.

సెకండ్ హ్యాండ్ హార్న్ తప్పేం కాదు. చూడాల్సినవి నాలుగు. మీట నొక్కకుండా దాని స్లైడుని కొంచెం బయటికి లాగి, అప్పుడు మీట నొక్కండి. టప్ మని శబ్దం వస్తే వాల్వు గాలి పట్టుకుంటోందని అర్థం. స్లైడులన్నీ చేత్తో కదలాలి. గంట మీది సొట్టని కొంతవరకు క్షమించొచ్చు గానీ, మౌత్‌పీస్ గుచ్చే సన్నటి గొట్టంలో సొట్ట ఉంటే వద్దనుకోండి. ఆ గొట్టం మీద గులాబీ రంగు మచ్చలుంటే ఇత్తడి లోపల్నుంచి తినేస్తోందేమో అడగాలి. మీటల్ని వాల్వులకి కలిపేది దారమైతే భయపడకండి. అది తెగినా ఇంట్లోనే కొత్తది కట్టుకోవచ్చు.

మరి కొన్ని వందల డాలర్లకే వచ్చే, పేరు ఎప్పుడూ వినని డబుల్ హార్న్? అలాంటి చాలావాటిలో వాల్వులు త్వరగా వదులైపోతాయి, అతుకులు ఊడతాయి. బాగుచేయమని తీసుకెళ్తే విడిభాగాలు దొరకవని దుకాణంవాళ్లు చేతులెత్తేస్తారు. తిరిగి అమ్ముదామంటే కొనేవాళ్లుండరు. యమహా, కాన్, హోల్టన్ లాంటి తెలిసిన పేర్లయితే పాతదానికీ విలువ ఉంటుంది.

డబ్బు పోతే పోయింది, మళ్లీ వస్తుంది. నా బెంగ వేరే ఉంది. కోడ్ రాసే మాకు ఒక సౌకర్యం ఉంది. ప్రోగ్రామ్ నడవకపోతే తప్పు మా లాజిక్‌దా, మెషీన్‌దా అని విడదీసి చూస్తాం. పదకొండేళ్ల పిల్లకి ఆ సౌకర్యం లేదు. వాల్వు లీకై స్వరం పలక్కపోతే "హార్న్ పాడైంది" అనుకోదు, "నాకు రావట్లేదు" అనుకుంటుంది. పక్క కుర్చీలో పిల్ల చక్కగా వాయిస్తుంటే ఇంకా గట్టిగా అనుకుంటుంది. కొన్నాళ్లకి "నేను మానేస్తానమ్మా" అంటుంది. పెద్దవాళ్లు కూడా "మన పిల్లకి సంగీతం అబ్బలేదు" అని తేల్చేస్తారు. లీకైంది వాల్వు, ముద్ర పడింది పిల్ల మీద.

అందుకే అక్కకి ఇలా చెప్పాను. మొదటి ఏడాది ఏదీ కొనకు. హార్న్, ట్యూబా లాంటి ఖరీదైన వాయిద్యాల్ని చాలా స్కూళ్లు తామే చిన్న ఫీజుకి ఇస్తాయి, ముందు అది అడుగు. లేదంటే మ్యూజిక్ షాపులో నెలవారీ అద్దెకి తీసుకో. మౌత్‌పీస్ ఒక్కటే టీచరు చెప్పిన సైజు చూసి సొంతంగా కొను. మిగిలిన డబ్బుతో హార్న్ వాయించేవాళ్ల దగ్గర వారానికో అరగంట పాఠం పెట్టించు. కొనే రోజు వచ్చినప్పుడు రెండు మూడు హార్న్‌లు పిల్ల చేతే ఊదించు, తర్వాత వాటినే టీచర్నీ ఊదమను. టీచరు ఊదినా పలకని స్వరం ఉంటే ఆ హార్న్ అక్కడే వదిలేసి వచ్చేయ్.

ఇంకొక్క మాట కూడా చెప్పాను. మొదటి కొన్ని నెలలు ఇంట్లో గేదె అరిచినట్టే వినిపిస్తుంది. తలుపు వేసుకోమని మాత్రం పిల్లతో అనకు.