మచ్చ చెరిపితే చాలునా?

మొన్న భైంసా బస్టాండులో ఒక కరపత్రం చేతికొచ్చింది. 'కాన్పు ఆపరేషన్ మచ్చలు లేజర్‌తో మాయం' అని ఉంది. చదువుతుంటే తెలియకుండానే నా చేయి పొత్తికడుపు మీదికి పోయింది.

2011లో ఇదే ఊళ్ళో, ఒక ప్రైవేటు నర్సింగ్‌హోంలో నాకు కోత పెట్టి బిడ్డను తీశారు. ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు. అడిగితే "బిడ్డ కావాలా, వద్దా?" అన్నారు. ఆ మాట విన్నాక ఏ తల్లి నోరు తెరుస్తుంది? కాగితం మీద సంతకం మా ఆయన పెట్టాడు.

కుట్లు మానినచోట చర్మం గాటు దాటి లావుగా పెరిగింది. కీలాయిడ్ అంటారట. ఎండాకాలం దురద, బట్ట తగిలితే మంట. డాక్టరుకు చూపిస్తే "అది అందం సంగతి, ప్రమాదమేం లేదు" అన్నాడు. నడుముకు ఒడి కట్టుకుని పత్తి ఏరుతుంటే ఆ రాపిడికి కళ్ళనీళ్ళు తిరిగేవి. ఇది అందం సంగతేనా? మా వాడలో బీడీలు చుట్టే అక్క అంటుంది: "పొద్దంత వంగి కూసుంటె కుట్లు గుంజుతయి చెల్లె, ఎవలకు చెప్పుకోవాలె?"

అందుకే లేజర్ కోరుకునే స్త్రీని నేను ఎగతాళి చేయను. 'సోకు' అని కొట్టిపారేసే మన కార్యకర్తలతో కూడా నాకు పేచీయే. బాధ ఉన్నచోట వైద్యం హక్కు.

కానీ కరపత్రం నిజం చెప్పాలి కదా! ఒక రకం లేజర్ మచ్చలోని ఎరుపును తగ్గిస్తుంది. ఇంకో రకం గట్టిదనాన్ని మెత్తబరుస్తుంది. వారాల ఎడంతో పలుమార్లు చేయించుకోవాలి. మచ్చ పలచబడుతుంది గానీ మాయం కాదు. మనలాంటి చామనచాయ, నల్లని ఒంటిమీద జాగ్రత్తగా వాడకపోతే కొత్త నల్లమచ్చలు పడతాయి. సిలికాన్ జెల్, స్టెరాయిడ్ ఇంజక్షన్ల వంటి మార్గాలూ ఉన్నాయి. ఇవేవీ అందులో లేవు. ఇక గర్భసంచి మీది గాటు దాకా ఏ లేజరూ చేరదు. తర్వాతి కాన్పులో మాయ ఆ గాటుకు అతుక్కుంటే ప్రాణం మీదికొస్తుంది.

అసలు ఇన్ని గాట్లు ఎందుకు? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు కోతతోనే జరిగాయి. ప్రైవేటు ఆస్పత్రుల్లో 81.5 శాతం, ప్రభుత్వ ఆస్పత్రుల్లో 44.5 శాతం. దేశం మొత్తం మీద 21.5. జనాభా మొత్తంలో 10 శాతం దాటాక కోతలు పెరిగినంత మాత్రాన తల్లీబిడ్డల మరణాలు తగ్గవని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. అవసరమైన కోత ప్రాణం నిలబెడుతుంది, కాదనను. మరి మన పక్క రాష్ట్రాల స్త్రీలకు లేని అవసరం మన ఒంటికే ఎందుకొచ్చింది?

"ఆడవాళ్ళే నొప్పులకు భయపడి అడుగుతున్నారు, ముహూర్తాలు పెట్టుకుంటున్నారు" అంటారు. ముహూర్తం పెట్టేది ఎవరు? ఇంటి పెద్దలు. ఒప్పుకునేది ఎవరు? డాక్టరు. కాన్పుగదిలో తోడు లేకుండా, తిట్లు తింటూ, నొప్పి తగ్గించే సాయమేదీ లేకుండా పడి ఉండాల్సి వస్తే ఏ ఆడది భయపడదు? ఆ భయాన్ని ఇష్టమని పిలవడం మోసం.

చికిత్స ఏమిటి, ప్రమాదాలేమిటి, వేరే దారులేమిటి అన్నవి చెప్పి రోగి సమ్మతి తీసుకోవాలని సుప్రీంకోర్టు 2008లోనే తీర్పు ఇచ్చింది. ఆ సమ్మతి నాది, మా ఆయనది కాదు.

కోసేది ఒక వ్యాపారం, కోత గుర్తును చెరిపేది ఇంకో వ్యాపారం. రెంటికీ పెట్టుబడి మన కడుపే!

కాబట్టి అడుగుదాం. ప్రతి ఆస్పత్రీ తన కోతల లెక్కను గోడ మీద రాయాలి. కోత ఎందుకు పెట్టారో తల్లికి రాతపూర్వకంగా ఇవ్వాలి. కాన్పుగదిలో తోడును, శిక్షణ పొందిన మిడ్‌వైఫ్‌ను ఉంచాలి. ఇంటికి పంపేటప్పుడు కుట్ల సంరక్షణ గురించి తెలుగు, ఉర్దూ, మరాఠీల్లో చెప్పాలి. బాధపెట్టే మచ్చకు వైద్యం ప్రభుత్వాస్పత్రిలో ఉచితంగా అందాలి.

నా మచ్చ పలచబడితే సంతోషిస్తాను. కానీ అది ఎందుకు పడిందో చెప్పేదాకా అడుగుతూనే ఉంటాను. మీ ఊరి ఆస్పత్రిలో మీరూ అడగండి.