భయంలో వినోదమా?

భయాన్ని డబ్బిచ్చి కొనుక్కోవడం వింతే. అయినా భయానక చిత్రాలకు ప్రేక్షకుల కొరత లేదు. కారణం మన శరీరంలోనే ఉంది. తెరపై నీడ కదలగానే అడ్రినలిన్ పెరిగి గుండె వేగంగా కొట్టుకుంటుంది. ఆ ఆపద మనల్ని తాకదన్న నమ్మకం మాత్రం మనసులో నిలిచే ఉంటుంది. దృశ్యం ముగియగానే కలిగే ఉపశమనాన్నే మనం ఆనందంగా అనుభవిస్తాం.

అయితే మన పక్కన కూర్చున్న పసివారికి ఆ నమ్మకం ఉండదు. 2022లో వచ్చిన తెలుగు చిత్రం 'మసూద'లో దుష్టశక్తి బురఖాలో కనిపిస్తుంది. మనకది కథ. మన బిడ్డకు మాత్రం అది రోజూ కొక్కేనికి వేలాడే అమ్మ వస్త్రం.

ఒక ప్రయాణంలో, నిద్రిస్తున్న సహచరుని తాడును కొందరు తీసుకోగా అతడు ఉలిక్కిపడ్డాడు. ముస్లింను భయపెట్టడం ధర్మసమ్మతం కాదని దైవప్రవక్త ముహమ్మద్ (స) అప్పుడు బోధించినట్లు అబూదావూద్ హదీసు గ్రంథం తెలుపుతోంది. తాడు విషయంలోనే ఇంతటి హెచ్చరిక ఉంటే, పసివారి నిద్ర విషయంలో మనమెంత జాగ్రత్త వహించాలి!

కనుక రాత్రివేళ ఇంట్లో అలాంటి దృశ్యాలను ఆపేద్దాం. ఇఖ్లాస్, ఫలఖ్, నాస్ సూరాలు పారాయణం చేసి, అరచేతుల్లో ఊది, బిడ్డ ఒంటిని నిమురుదాం. వారి నిశ్చింత అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు.