మాల్‌లో ఉన్న మినహాయింపు ఆసుపత్రిలో ఎందుకు ఉండదు?

హైదరాబాద్ శివార్లలోని తుర్కయంజాల్, రాగన్నగూడ, మన్నెగూడ వైపు వాళ్లకు పెద్ద జబ్బు చేస్తే సాగర్ రోడ్డు పట్టుకుని ఎల్బీనగర్‌కో దిల్‌సుఖ్‌నగర్‌కో రావాల్సిందే. మెట్రో ఎల్బీనగర్ దాటి ఇటు రాలేదు. మహిళలకు బస్సు ఉచితమే కానీ, కాలు విరిగినవాణ్ని, అర్ధరాత్రి ఆయాసంతో అల్లాడుతున్న ముసలమ్మను ఎవరూ బస్టాపులో నిలబెట్టరు. అందుకే సొంత బండో, పక్కింటివాళ్ల కారో దిక్కవుతుంది. పార్కింగ్ రుసుము వసూలు చేసే ఆసుపత్రుల్లో మొదట పలకరించేది టికెట్ పుస్తకం పట్టుకున్న మనిషే. ఒక్కసారికి ఆ మొత్తం చిన్నదే కావచ్చు. కానీ రోగి వారం రోజులు పడక మీద ఉంటే పొద్దున టిఫిన్ తెచ్చేవాళ్లు, మధ్యాహ్నం క్యారేజీ తెచ్చేవాళ్లు, రాత్రికి కాపలా మారేవాళ్లు ఉంటారు. బండి గేటు దాటి మళ్లీ వచ్చిన ప్రతిసారీ కొత్త టికెట్టే. ఆరోగ్యశ్రీ కింద 10 లక్షల రూపాయల దాకా వైద్యం ఉచితంగా అందే కుటుంబం కూడా బండి నిలిపినందుకు జేబు తడుముకోవాలి.

ఈ సమస్యకు మందు మన దగ్గరే ఉంది, కాకపోతే వేరే చోట వాడుతున్నాం. తెలంగాణ పురపాలక శాఖ 2018 మార్చిలో 63వ నంబరు జీవో ఇచ్చింది. దాని ప్రకారం మాల్స్, మల్టీప్లెక్స్‌లు, వాణిజ్య సముదాయాల్లో మొదటి అరగంట ఎవరి దగ్గరా పైసా తీసుకోకూడదు. గంట లోపయితే అక్కడ ఏదైనా కొన్న బిల్లు చూపిస్తే చాలు. గంట దాటితే ఆ బిల్లు పార్కింగ్ రుసుము కన్నా ఎక్కువ ఉండాలి, అంతే. అంటే పాప్‌కార్న్ బిల్లుకు మినహాయింపు ఉంది. స్కానింగ్ బిల్లు, మందుల బిల్లు, ఐసీయూ అడ్వాన్సు రసీదు పట్టుకుని నిలబడ్డవాడికి మాత్రం అదే హక్కు ఇంత స్పష్టంగా రాసిపెట్టలేదు. పైగా ఆ జీవో మార్చడానికి వీల్లేని శాసనమేమీ కాదు. థియేటర్ల కష్టం విని 2021 జులైలో ప్రభుత్వమే దాన్ని సవరించి, సింగిల్ స్క్రీన్ హాళ్లు పార్కింగ్ డబ్బు తీసుకోవచ్చని చెప్పింది. థియేటర్ల యజమానులకు సంఘం ఉంది, రోగుల బంధువులకు లేదు. తేడా అక్కడే ఉందేమో.

స్థలం ఊరికే రాదు, కాపలా మనుషులకు జీతాలివ్వాలి కదా అని యాజమాన్యాలు అంటాయి. నిజమే. కానీ ఆ సెల్లారు ఆసుపత్రి దయతలచి వదిలిన జాగా కాదు. 2012 నాటి 168వ నంబరు జీవోలోని భవన నిర్మాణ నియమాలు కట్టిన విస్తీర్ణంలో ఇంత శాతం పార్కింగ్‌కు వదలాలని ఆసుపత్రులకూ షరతు పెట్టాయి. సందర్శకుల పార్కింగ్ విడిగా చూపించి, దాన్ని అందరికీ తెరిచి ఉంచాలనీ చెప్పాయి. ఆ షరతుకు ఒప్పుకునే అనుమతి తెచ్చుకున్నారు. లిఫ్టుకీ జనరేటర్‌కీ అయ్యే ఖర్చు లాగే దీన్నీ భవనం ఖర్చులో కలుపుకోవాలి. లిఫ్టు ఎక్కినందుకు ఎవరూ టికెట్ అడగడం లేదు కదా.

ఇంతకన్నా గట్టి అభ్యంతరం ఇంకొకటి ఉంది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఉచిత పార్కింగ్ అని తెలిస్తే బట్టల దుకాణాలకొచ్చినవాళ్లు, కోచింగ్ సెంటర్ల పిల్లలు, మెట్రో ఎక్కేవాళ్లు బండ్లన్నీ అక్కడే పెట్టేస్తారు, చివరికి అంబులెన్సుకే దారి ఉండదు. ఇది కొట్టిపారేయాల్సిన భయం కాదు. అందుకే గేటు ఎత్తేసి అందరినీ రానివ్వమని నేను అనను. ఓపీ చీటీ ఉన్నవాళ్లకు ఆ పూటకూ, పడక మీదున్న రోగి తరఫున ఒక బండికి డిశ్చార్జి అయ్యేదాకానూ టికెట్ ఉండకూడదు. ఏ చీటీ లేనివాళ్ల దగ్గర కావలసినంత తీసుకోండి. మాల్స్ టికెట్ మీద ముద్ర కొట్టి చేస్తున్న పనే ఇది, ప్రతి రోగికీ నంబరిచ్చే ఆసుపత్రికి ఇంకా సులువు.

సిబ్బంది సంగతి వేరుగా చూడాలి. నైట్ డ్యూటీ నర్సుకు తెల్లవార్లూ బస్సులుండవు, స్కూటీ ఆమెకు విలాసం కాదు. పనిచేసే చోట బండి పెట్టుకున్నందుకు జీతంలోంచి కోత పడితే అది నేరుగా జీతం తగ్గించడమే. బ్రిటన్‌లో ఆసుపత్రి పార్కింగ్ రుసుము మీద ఈ వాదన ఏళ్ల తరబడి సాగింది. వేల్స్ 2008లోనే చాలా ఆసుపత్రుల్లో రుసుము ఎత్తేసినా, ప్రైవేటు కాంట్రాక్టులు మిగిలిన చోట అది 2018 దాకా కొనసాగింది. స్కాట్లాండ్‌లోనూ మూడు ఆసుపత్రుల కాంట్రాక్టులను ప్రభుత్వం 2021లో డబ్బిచ్చి విడిపించుకోవాల్సి వచ్చింది. ఇంగ్లండ్ పూర్తిగా ఎత్తేయలేదు గానీ వికలాంగులకు, తరచూ చికిత్సకొచ్చేవాళ్లకు, రాత్రి షిఫ్టు సిబ్బందికి మినహాయించింది. ఒకసారి కాంట్రాక్టరు చేతికి వెళ్లిన గేటును వెనక్కి తీసుకోవడం ఎంత ఖర్చుతో కూడిన పనో ఈ అనుభవం చెబుతోంది.

గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ ఒకప్పుడు ఉన్న 21 ఎకరాల పైచిలుకు స్థలంలో 1,000 పడకల టిమ్స్ ఆసుపత్రికి 2022 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. సాగర్ రోడ్డు వైపు జనానికి అందుబాటులో ఉండే పెద్ద సర్కారు దవాఖానా అదే అవుతుంది. అక్కడ పార్కింగ్ టెండర్ పిలిచే ఆలోచన వస్తే రోగులకూ సిబ్బందికీ మినహాయింపు కాగితం మీద పెట్టిన తర్వాతే పిలవాలి. తుర్కయంజాల్ కూడా 2025లో గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసింది కాబట్టి, ప్రైవేటు ఆసుపత్రుల పేరు 63వ జీవోలో చేర్చమని అడగాల్సిన బాధ్యత ఇక్కడి ప్రతినిధుల మీదా ఉంది.