బోర్డు చూసి కాదు, తరగతి చూసి పంపాలి

చైనా భాష చదివే పిల్లలు ఇప్పుడు మన పల్లెల్లోనూ ఉన్నారు. వైద్యవిద్యకని చైనా వెళ్ళి అక్కడి మాట కొంత పట్టుకున్నవారు కొందరు. ఢిల్లీ జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలోనో, శాంతినికేతన్‌లో 1937లో వెలసిన చీనా భవన్‌లోనో ఆ భాషను డిగ్రీకి తీసుకున్నవారు మరికొందరు. వీరందరికీ రెండు మూడేళ్ళు గడిచాక ఒకటే చిక్కు ఎదురవుతుంది. బజారులో కూరలు బేరమాడగలరు, రైలు టిక్కెట్టు తీసుకోగలరు. పత్రిక మాత్రం చదవలేరు. వ్యాపార ఒప్పందం మీద నలుగురు మాట్లాడుకుంటుంటే సగం అందుకోలేరు. సరిగ్గా ఆ సమయంలో ‘ఇంటెన్సివ్ కోర్సు’ అనే ప్రకటన కంటపడుతుంది. పొలం కుదువపెట్టి పంపాలా, వద్దా అని ఇంట్లో చర్చ మొదలవుతుంది.

పంపవద్దని చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. దేన్ని చూసి పంపాలో ఆలోచించడం లేదన్నదే బాధ. విశ్వవిద్యాలయం పేరు, మేడల ఫోటోలు, ఏజెంటు మాటలు చూసి డబ్బు కట్టేస్తున్నారు. చూడవలసింది తరగతి గది లోపల ఏం జరుగుతుందో!

మధ్యలో ఆగిపోయే బండి

మొదటి మెట్టులో ఉన్నవాడు తప్పు మాట్లాడితే ఎదుటివాడికి అర్థం కాదు, కనుక తప్పు వెంటనే బయటపడుతుంది. మధ్య మెట్టు దాటినవాడి సంగతి వేరు. తప్పు మాట్లాడినా ఎదుటివాడు సర్దుకుని అర్థం చేసుకుంటాడు. దిద్దేవాడు ఉండడు. తప్పులు అలాగే ముదిరిపోతాయి. చైనా భాషలో కొనడం, అమ్మడం రెండూ ‘మాయ్’ అనే మాటలే. గొంతు దించి పలికితే కొనడం, పైనుంచి ఒక్కసారి కిందికి కొట్టి పలికితే అమ్మడం. బేరం దగ్గర ఈ తేడా తెలియకపోతే ఏమవుతుందో రైతుకు వేరే చెప్పనక్కరలేదు.

రెండో అడ్డంకి రాత భాష. మన గ్రాంథికానికీ వాడుక భాషకూ ఉన్న దూరం వంటిదే అక్కడా ఉంది. చైనాలో 1917 నుంచి హూ షీ వంటివారు వాడుక భాషలో రాయాలని ఉద్యమించి నెగ్గారు. అయినా పత్రికల్లో, కార్యాలయ కాగితాల్లో పాత పలుకుబడులు ఇప్పటికీ మిగిలే ఉన్నాయి. వీధిలో ఎన్నాళ్ళు తిరిగినా అవి రావు. అందుకే “ఊరికే అక్కడ ఉంటే అదే వస్తుంది” అనేవారి మాట సగమే నిజం.

లెక్క వేసి చూడండి

రోజుకు నాలుగు గంటల తరగతి అనుకుందాం. అంటే 240 నిమిషాలు. అందులో సగం ఉపాధ్యాయుడు మాట్లాడితే పిల్లలకు మిగిలేది 120 నిమిషాలు. తరగతిలో 20 మంది ఉంటే ఒక్కొక్కరి నోరు తెరిచేది 6 నిమిషాలు. నలుగురే ఉంటే 30 నిమిషాలు. రెండూ ఇంటెన్సివ్ కోర్సులే! ఫలితంలో మాత్రం అయిదు రెట్ల తేడా.

చిన్న తరగతులకు పేరుపడిన బడులు రెండున్నాయి. అమెరికా విశ్వవిద్యాలయాల కోసం 1963లో తైవాన్ రాజధాని తైపేలో నెలకొన్న కేంద్రం 1997లో బీజింగ్‌లోని చింగ్‌హువా విశ్వవిద్యాలయానికి తరలింది. తైపేలో జాతీయ తైవాన్ విశ్వవిద్యాలయం ఆ పనిని తన పేరుతో కొనసాగించింది. రెండుచోట్లా కొద్దిమందినే కూర్చోబెట్టి, విడిగా ఒక్కరికే చెప్పే పాఠం కూడా పెడతారు. తరగతిలో నాలుగు గంటలుంటే గదిలో మరో నాలుగైదు గంటలు చదవక తప్పదు. ఫీజు మాత్రం సామాన్యుడికి అందేది కాదు.

1962లో స్థాపించిన బీజింగ్ భాషా సంస్కృతీ విశ్వవిద్యాలయం వంటి పెద్ద సంస్థల్లో ఫీజు తక్కువ, తరగతులు పెద్దవి. పిండి కొద్దీ రొట్టె అన్నారు. డబ్బు చాలనివారు అటువంటి చోట చేరి, మిగిలిన సొమ్ముతో స్థానిక విద్యార్థిని ఒకరిని కుదుర్చుకుని రోజూ గంట సేపు విడిగా మాట్లాడి దిద్దించుకోవడం తెలివైన పని. చైనా ప్రభుత్వ ఉపకార వేతనాలు, భాష నేర్చుకునేవారికి తైవాన్ ప్రభుత్వం ఇచ్చే ఉపకార వేతనం ఉన్నాయి. అప్పు పత్రం రాసే ముందు వీటికి దరఖాస్తు పెట్టాలి.

అడగవలసిన ప్రశ్నలు

తరగతికి ఎంతమంది? విడి పాఠం ఉందా? చేరే ముందు పరీక్ష పెట్టి మెట్టు నిర్ణయిస్తారా, లేక వచ్చినవారందరినీ ఒకేచోట కూర్చోబెడతారా? వసతి గృహంలో మనవాళ్ళతోనే ఉంచుతారా, అక్కడి విద్యార్థులతో ఉంచుతారా? మనవాళ్ళు నలుగురు ఒకే గదిలో ఉంటే సాయంత్రం నడిచేది తెలుగు క్లాసే. అమెరికాలోని మిడిల్‌బరీ కళాశాలలో వేసవి తరగతులకు చేరేవారు, నేర్చుకునే భాష తప్ప వేరేది మాట్లాడబోమని సంతకం పెట్టాలి. అటువంటి నియమం ఉన్న చోటు మేలు.

లిపి సంగతీ తేల్చుకోవాలి. చైనాలో 1956 నుంచి తేలిక చేసిన అక్షరాలు వచ్చాయి. తైవాన్‌లో పాత అక్షరాలే. పిల్లవాడు రేపు ఎవరి దగ్గర పనిచేయదలచాడో దాన్నిబట్టి ఎంచుకోవాలి. రంగారెడ్డి జిల్లా కొంగరకలాన్‌లో కర్మాగారం పెట్టిన ఫాక్స్‌కాన్ తైవాన్ సంస్థ అని గుర్తుంచుకోవాలి.

సర్టిఫికెట్టును చూసి మురిసిపోకూడదు. 2010 నుంచి నడిచిన ఆరు మెట్ల హెచ్.ఎస్.కె. పరీక్షలో నాలుగో మెట్టుకు 1,200 మాటలు, అయిదుకు 2,500, ఆరుకు 5,000 రావాలి. మాట్లాడే పరీక్ష దానిలో లేదు, అది వేరే. పైగా 2021లో తొమ్మిది మెట్ల కొలత ప్రకటించారు. కనుక “ఆరో మెట్టుకు చేరుస్తాం” అనేవారిని ఏ కొలతలోని ఆరో మెట్టు అని నిలదీయాలి. నాలుగో మెట్టు కూడా గట్టిపడనివారు ఇంటిదగ్గరే చదువుకుని తర్వాత వెళ్ళడం మంచిది. 

2020లో చైనా తలుపులు మూసినప్పుడు మన విద్యార్థులకు 2022 ఆగస్టు దాకా వీసాలు రాలేదు. మళ్ళీ అటువంటిది జరిగితే ఫీజు తిరిగి ఇస్తారా అని రాతపూర్వకంగా అడగడం తప్పుకాదు.

ఇవన్నీ పల్లెలో ఉన్న తల్లిదండ్రులు ఒంటరిగా తెలుసుకోలేరు. మన విశ్వవిద్యాలయాలు, జిల్లా ఉపాధి కార్యాలయాలు ఈ వివరాలను తెలుగులో అందించడానికి పూనుకోవాలి. అంతవరకు, ఈ ప్రశ్నలకు జవాబు చెప్పని ఏజెంటు చేతిలో రూపాయి పెట్టకపోవడమే క్షేమం.