ముందు చప్పట్లు, తరువాత సూత్రం

పెద్ద ఖాళీ హాల్లో ఒక్కసారి చేతులు గట్టిగా చరిచి చూడండి. ఆ చప్పుడు వెనకే గోడల నుంచి ప్రతిధ్వనులు తగ్గుతూ వస్తాయి. లెక్క కోసం వాటి బలాలు వరుసగా 4, 2, 1 అనుకుందాం.

2 వినిపించే క్షణానే మరో చరుపు చరిస్తే? దానికీ 4, 2, 1 వస్తాయి, కాని ఒక మెట్టు ఆలస్యంగా. రెండు వరుసలూ కూడండి: 4, 6, 3, 1.

ఇంజనీరింగు విద్యార్థులను హడలగొట్టే 'కన్వల్యూషన్' ఇదే! జరపడం, హెచ్చించడం, కూడడం. మాటనైనా పాటనైనా చిన్నా పెద్దా చరుపుల వరుసగా భావించవచ్చు. కనుక ఒక్క చరుపుకు హాలు ఇచ్చే జవాబు తెలిస్తే చాలు, అక్కడ ఏ పాట ఎలా వినిపిస్తుందో లెక్కకట్టవచ్చు. ధ్వని నిపుణులు బెలూను పగలగొట్టి ఆ జవాబును రికార్డు చేస్తుంటారు.

షరతులు రెండు. చప్పుడు రెట్టింపైతే ప్రతిధ్వనీ రెట్టింపు కావాలి. హాలు మారకూడదు, జనం నిండితే కొత్త జవాబు వెతకాలి.

ఇంత తేలికైన ఊహను తరగతిలో సమాకలన గుర్తుతో మొదలుపెట్టడం తలకిందుల పద్ధతి. దాన్ని చూసి బెదిరి గణితం వదిలేసినవారు తెలివితక్కువవారు కారు. వారికి ముందు వినే అవకాశం దొరకలేదు, అంతే. మీరు మాత్రం ముందు చేతులు చరచండి. సూత్రం తరువాత అడగండి.