సోదా చేసే చెయ్యి

సోదా అన్న మాట చెవిని పడగానే మనకు ఒళ్ళు మండుతుంది. రైల్లో టిక్కెట్టు అడిగితే చూపిస్తాం. పెళ్ళివారింట గోత్రం అడిగితే చెబుతాం. పెట్టె మూత తియ్యమంటే మాత్రం మనల్ని దొంగల్లో జమకట్టినట్టు ముఖం ముడుచుకుంటాం. నిజానికి ఈ మాట శోధన అనే సంస్కృతపు మాటకు దగ్గర చుట్టం. శోధన అంటే వెదకడమూ అవును, శుద్ధి చెయ్యడమూ అవును. క్లాసులో ఈ సంగతి చెప్పినప్పుడల్లా వెనకబెంచీ వారు నవ్వుతారు. "అయితే పరీక్షహాల్లో జేబులు తడిమే మేష్టారు మమ్మల్ని శుద్ధి చేస్తున్నారన్నమాట!" అంటారు. అవునంటాను నేను.

ఈ వారం చెప్పబోయేది ఆ రెండర్థాలతోనూ కాపరం చేస్తున్న ఒకాయన సంగతి. ఆయన మనవాడు కాడు. అమెరికాలో, విమానంలోంచి దూకడం నేర్పే గురువు. స్కైడైవింగ్ అంటారు దాన్ని. అందులోనూ పైతరగతి పాఠం ఒకటుంది. వింగ్‌సూట్ అనే రెక్కల దుస్తు తొడుక్కుని పక్షిలా సాగిపోవడం. ఆయన దానికి కూడా గురువు.

ఇటువంటి మనిషితో తెలుగు మేష్టరుకు పనేమిటని మీరడగవచ్చు. మా అక్కయ్య కాలిఫోర్నియాలో కాపరం పెట్టి పాతికేళ్ళ పైమాటే. ఆవిడ కొడుకు కంప్యూటరు ఉద్యోగం చేస్తున్నాడు. వారమంతా కుర్చీలో కూర్చుంటాడు, ఆదివారం ఆకాశంలోంచి దూకుతాడు. పోయిన వేసవి సెలవుల్లో నేను వెళ్ళేసరికి 137 సార్లు దూకివున్నాడు. అంతటితో తృప్తి లేదు. రెక్కలు కావాలట.

"ఒరేయ్ తమ్ముడూ, పదిమందికి పాఠం చెప్పేవాడివి. ఆ నేర్పే ఆయన్ని చూసి, వీడికి నేర్పవద్దని ఒక్క మాట చెప్పిరా" అని అక్కయ్య నా చేతులు పట్టుకుంది.

మర్నాడు మావాడి కారులోనే బయలుదేరాను. ఎండిపోయిన కొండల నడుమ చిన్న విమానాల స్థలం. రేకుల షెడ్డు కింద తివాచీల మీద గొడుగులు పరిచి మడుచుకుంటున్నారు ఆడా మగా. గురువుగారికి అరవై దగ్గరపడి వుంటాయి. ఎండకు రాగిచెంబులా అయిన ముఖం, తెల్లబడ్డ మీసం, తక్కువ మాటలు.

మావాడు వచ్చీ రాగానే ఫిర్యాదు మొదలుపెట్టాడు. కిందటి వారం మరో ఊళ్ళో దూకడానికి విమానంలో వెళ్ళాడట. విమానాశ్రయంలో పారాషూట్ సంచీని ఎక్స్‌రే యంత్రంలో చూసి, వీణ్ణి పక్కకు నిలబెట్టి నలభై నిమిషాలు ప్రశ్నలు వేశారట. గురువుగారు జాలిపడతారని వాడి ఆశ.

"నేను నిన్ను ఒక్కో దూకుడికీ ఎన్నిసార్లు సోదా చేస్తాను?" అని అడిగారాయన.

"మూడుసార్లు."

"అప్పుడు నీకు కోపం వచ్చిందా?"

మావాడు మాట్లాడలేదు. గురువుగారు నాకేసి తిరిగి, విమానాశ్రయాల్లో ఇప్పుడు మనం పడుతున్న సోదాలో వాళ్ళ విద్యకూ కొంత వాటా వుందని చెప్పారు. అదొక కథ.

1971 నవంబరు 24న డాన్ కూపర్ అనే పేరుతో టిక్కెట్టు కొన్న ఒక పెద్దమనిషి పోర్ట్‌లండ్ నుంచి సియాటిల్ పోయే విమానం ఎక్కాడు. చేతిపెట్టెలో బాంబు వుందని బెదిరించి, రెండు లక్షల డాలర్లూ నాలుగు పారాషూట్లూ తెప్పించుకున్నాడు. ప్రయాణికుల్ని దింపేసి, మళ్ళీ విమానాన్ని లేపించి, రాత్రివేళ వానలో వెనక మెట్లమీదినుంచి దూకేశాడు. 1980లో కొలంబియా నది ఒడ్డున ఆ నోట్లలో 5,800 డాలర్లు ఒక పిల్లవాడికి దొరికాయి. మనిషి మాత్రం ఈనాటిదాకా దొరకలేదు. మరుసటి ఏడు అతన్ని చూసి మరికొందరు అదే పని చెయ్యబోయారు. అప్పటికే విమానాల అపహరణ జాడ్యంలా పాకివుంది. చివరకు 1973 జనవరి 5 నుంచి అమెరికాలో విమానమెక్కే ప్రతి మనిషినీ, వాడి చేతిసంచీనీ సోదా చెయ్యాలన్న నియమం వచ్చింది.

"కథలో అసలు సంగతి అది కాదు" అన్నారాయన. "కూపరుకు ఇచ్చిన రెండో గొడుగుల్లో ఒకటి తరగతిగదిలో చూపించడానికి వుంచినది. తెరుచుకోకుండా కుట్టేసినది. హడావిడిలో పొరపాటున అందించారు. అతను సోదా చేసుకోలేదు. దాన్నే తీసుకుని దూకాడు. విద్య తెలిసినవాడైతే ముందు దాన్నే చూసివుండును."

అప్పుడు అర్థమయింది నాకు ఆయన ధోరణి. సోదా చెయ్యడం తప్పని ఆయన అనడు. తెలియని చెయ్యి చేసే సోదా తప్పంటాడు.

వారి వీపుసంచీలో రెండు గొడుగులుంటాయి. మొదటిది ఎవరిది వారే మడుచుకుంటారు. రెండోది ప్రాణాపాయంలో పనికివచ్చేది. దాన్ని ప్రభుత్వం అనుమతి ఇచ్చిన మనిషే మడిచి, దారంతో కట్టి, సీసపుముద్ర వెయ్యాలి. అమెరికాలో 180 రోజులకొకసారి విప్పి మళ్ళీ మడవాలి. ఆ పిడిని ఎవరైనా సరదాకు లాగితే ముద్ర ఊడిపోతుంది, గొడుగు బయటికి వస్తుంది, మళ్ళీ ఆ మడిచే మనిషి దొరికేదాకా దూకడానికి లేదు. ఆ సంచీలోనే చిన్న యంత్రమొకటి వుంటుంది. అది గాలి ఒత్తిడిని కనిపెడుతూ, నేలకు సుమారు 225 మీటర్ల ఎత్తులో కూడా మనిషి యింకా రాయిలా పడిపోతున్నాడని తోస్తే, చిటికెడు మందు పేల్చి, దాని విసురుతో రెండో గొడుగు కట్టుతాడును కోస్తుంది. తెలివి తప్పిన మనిషిని సైతం బతికించే యంత్రమది. అయితే ఎక్స్‌రేలో దాన్ని చూసిన కుర్ర ఉద్యోగికి ఏం కనిపిస్తుంది? తీగెలు, బ్యాటరీ, పేలుడుమందు!

"ఒకసారి ఒక పెద్ద విమానాశ్రయంలో ఒక కుర్రవాడు నా రెండో గొడుగు పిడిలో వేలు దూర్చి, ఇదేమిటని అడిగాడు. నేను కేకవెయ్యలేదు. కేకవేస్తే ఉలిక్కిపడి లాగుతాడు. 'నాయనా, అది నా ప్రాణం, మెల్లగా వేలు తియ్యి' అన్నాను. తీశాడు. తర్వాత పావుగంట కూర్చోబెట్టి ఏది ఏమిటో చూపించాను. ఆ తర్వాత ఎప్పుడు ఆ దారిన వెళ్ళినా నా సంచీని వాడే అడిగి తీసుకుంటాడు."

నియమాలు కూడా వీరికి మరీ ప్రతికూలంగా లేవు. అమెరికా రవాణా భద్రతా సంస్థవారు పారాషూట్‌ను చేతిసంచీగా తీసుకుపోనిస్తారు, సామానులోనూ వెయ్యనిస్తారు. సామానులో వేస్తే వేరే బట్టలతో కలపకూడదు. తెరిచి చూడవలసివస్తే సొంతదారు ఎదుట వుండాలి. అందుకని అరగంట ముందుగా రమ్మంటారు. గురువుగారు గంట ముందు వెళతారట. ఆ యంత్రం ఎక్స్‌రేలో ఎలా కనిపిస్తుందో చూపే కార్డును దాన్ని తయారుచేసేవారే ఇస్తారు. దాన్ని చేతిలో పట్టుకుని, వారు అడక్కముందే తాను చెబుతారట. "అనుమానం వచ్చాక చెప్పే నిజం అబద్ధంలా వినిపిస్తుంది" అన్నారు. ఈ ముక్క మన ఇళ్ళల్లో కూడా పనికివస్తుంది.

ఇక రెక్కల సంగతి. ఆ దుస్తులో చేతులకూ నడుముకూ మధ్య ఒక్కొక్క రెక్క, రెండు కాళ్ళ మధ్య మరొకటి వుంటాయి. గుడ్డలోకి గాలి జొరబడి రెక్క బిగుస్తుంది. మామూలుగా దూకినవాడు గంటకు 190 కిలోమీటర్ల వేగంతో కిందికి పడతాడు. రెక్కలున్నవాడు కిందికి దిగే వేగం అందులో సగమే. ఒక మీటరు దిగేలోగా రెండు మూడు మీటర్లు ముందుకు సాగుతాడు. ఒక నిమిషం ఆకాశం కాస్తా రెండు మూడు నిమిషాలవుతుంది. కుర్రకారు మనసు పోవడంలో వింతలేదు.

అయితే ఆ సుఖం వెనకాలే గండముంది. ఇందాక చెప్పిన ప్రాణదాత యంత్రముంది చూశారూ, మామూలు రకందైతే సెకనుకు 35 మీటర్ల వేగం దాటి పడుతున్నవాణ్ణే గుర్తిస్తుంది. రెక్కలవాడు అంతకంటే మెల్లగా దిగుతాడు. వాడు స్పృహతప్పినా, 'వీడు బాగానే వున్నాడు' అనుకుని అది నిద్రపోవచ్చు. విమానాశ్రయంలో నలభై నిమిషాలు ప్రశ్నలపాలైన ఆ యంత్రం, అసలు అవసరానికి నోరు మెదపకపోవచ్చు!

"అందుకే యంత్రం కంటే అలవాటు ముఖ్యం" అన్నారాయన. విమానం తలుపు దాటగానే రెక్క విప్పకూడదు. విప్పితే గాలి మనిషిని ఎత్తి విమానం తోకకు కొడుతుంది. గిరగిర తిరగడం మొదలైతే బెదిరి చేతులు చాచకూడదు, ముడుచుకోవాలి. గొడుగు తీసే పిడికి చెయ్యి అందాలి, రెక్క అడ్డుపడుతుంది. గొడుగు విచ్చుకున్నాక రెక్కల జిప్పులు విప్పితేగాని పైతాళ్ళు అందవు. మొదటి పాఠాల్లో గురువు శిష్యుణ్ణి పట్టుకుని దూకుతాడు గాని, ఇక్కడ పక్కన ఎగరగలడే తప్ప పట్టుకోలేడు. అందుకే అమెరికా పారాషూట్ సంఘంవారు కనీసం 200 సార్లు దూకనిదే రెక్కలు తొడగరాదని నియమం పెట్టారు.

"137కూ 200కూ ఏమంత తేడా?" అన్నాడు మావాడు.

"63" అన్నారు గురువుగారు.

అప్పుడే ఒక అమ్మాయి రెక్కల దుస్తు సగం తొడుక్కుని వచ్చింది. ఆయన మా మాట ఆపి, వంగి, ఆవిడ తొడల చుట్టూ బిగించిన పట్టీలను ఒక్కొక్కటీ చేత్తో లాగి చూశారు. ఆ తర్వాతే జిప్పు పైకి లాగనిచ్చారు. ఆ పట్టీలు బిగించడం మరిచిపోతే గొడుగు విచ్చుకున్న అదటుకు మనిషి జారిపోవచ్చు. మామూలు దూకుడులో ఎవరైనా కనిపెడతారు. రెక్కల దుస్తు వాటిని కప్పేస్తుంది. కంటికి కనపడదు కనుక చెయ్యే చూడాలి.

వెనకటి రోజుల్లో రెక్కలు కట్టుకున్నవారికి ఈ చెయ్యి లేదు. 1912 ఫిబ్రవరి 4న రైకెల్ట్ అనే దర్జీ పారిస్‌లో తాను కుట్టిన దుస్తును నమ్మి ఈఫిల్ గోపురం మొదటి అంతస్తునుంచి దూకి చనిపోయాడు. బొమ్మతో పరీక్షిస్తానని అనుమతి తీసుకుని తానే దూకాడు. అమెరికావాడు క్లెమ్ సోన్ 1937లో పారిస్ దగ్గర వేలమంది చూస్తుండగా గొడుగు తెరుచుకోక పడిపోయాడు. ఫ్రెంచివాడు లియో వాలెంటిన్ 1956లో లివర్‌పూల్‌లో విమానంలోంచి దిగుతుండగా రెక్క విమానానికి తగిలి విరిగింది. ఇప్పటి దుస్తుకు రూపమిచ్చిన పాట్రిక్ ద గయార్దాన్ సైతం 1998లో హవాయిలో తన గొడుగు సంచీకి చేసుకున్న ఒక మార్పులోని లోపంవల్ల ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆ మరుసటి ఏడు ఫిన్లండువాడైన యారి కుయోస్మా, క్రొయేషియావాడైన రాబర్ట్ పెచ్‌నిక్ కలిసి దుస్తులను అమ్మకానికి పెట్టారు. వాటితోపాటు నేర్పే పద్ధతిని కూడా ఏర్పాటు చేశారు. మన సంపాతికి రెక్కలు పుట్టుకతో వచ్చాయి, సూర్యుడి దగ్గరకు పోరాదన్న తెలివి అవి కాలాక వచ్చింది. మనిషికి ఆ క్రమం పనికిరాదు.

చివరకు మా అక్కయ్య మాట చెప్పాను. ఆయన చాలాసేపు ఆలోచించారు.

"వద్దనడం నాకు తేలిక. వద్దంటే ఎవరో వాడిన దుస్తు కొనుక్కుని, అడిగేవాడు లేనిచోటికి పోతాడు. ఇంకా కాదంటే నా కళ్ళముందు వుంటాడు. 200 అయ్యేసరికి కొందరికి ఆ కోరికే పోతుంది. పోనివారికి నేర్పుతాను. ప్రమాదం లేదని మాత్రం వాళ్ళమ్మగారితో చెప్పకండి. అది అబద్ధం."

ఉన్నదున్నట్టు అక్కయ్యకు చెప్పాను. కోప్పడుతుందనుకున్నాను. పొయ్యిమీద చారు దించి, "ఆ తొడపట్టీలు ప్రతిసారీ చూస్తాడట్రా?" అని అడిగింది.

"మూడుసార్లు చూస్తాడు."

"నాలుగోసారి వీణ్ణే చూసుకోమను" అంది.

ఆవిడ భయం పోయిందని నేను చెప్పను. తల్లికి పోదు. కాని ఆ భయానికి ఆనుకోవడానికి ఒక చెయ్యి దొరికింది.

పిల్లల పెట్టెలూ జేబులూ వెదికే తల్లిదండ్రులు మనలో వున్నారు. నాబోటి మేష్టర్లూ వున్నారు. మనం వెదికేది దేనికోసం, దొరికితే ఏం చెయ్యాలో మనకు తెలుసునా అన్నది ముందు మనల్ని మనం అడుక్కోవలసిన ప్రశ్న. తెలియకుండా పిడి లాగితే, మళ్ళీ మడిచిపెట్టడం మనవల్ల కాదు.